కిలోన్నర అలుగు పెంకులు

కోర్టులో సంచి తూకం వేశారు. పంచనామాలో పదకొండు కిలోలని ఉంది. కాటా మీద తొమ్మిదిన్నర తూగింది. నిందితుడైన వ్యాపారి తల దించుకునే ఉన్నాడు. అతని వకీలు ఫారెస్టు గార్డు వైపు తిరిగి, "అలుగు సచ్చినంక గూడ పాక్కుంట పోయినట్టుంది గదా, గార్డు సాబ్?" అన్నాడు. అందరూ నవ్వారు. నాకు నవ్వు రాలేదు. ఆ తగ్గిన కిలోన్నరలో నా వంతూ ఉంది.

అది ఎనభైల మొదట్లో. జహీరాబాద్‌లో నేను ఒక దినపత్రికకు విలేకరిని. చీమల పుట్టలు తవ్వుకుని బతికే అలుగును చంపి, ఒంటిమీది పెంకులు ఒలిచి, బొంబాయి లారీలకు ఎక్కిస్తున్నారని ఊరందరికీ తెలుసు. పట్టుబడిన వాళ్లు లేరు. ఝరాసంగం, న్యాల్‌కల్ దారుల్లో మూడేళ్లు సైకిలు తొక్కి, చివరికి ఆ వ్యాపారి అల్లం బస్తాల మధ్య ఆ సంచిని పట్టుకున్నాడు గార్డు.

"గీ ఒక్క కేసు నిలవడితె చాలు సార్. మిగిలినోళ్లు జర భయపడ్తరు" అన్నాడు నాతో.

ఆ సాయంత్రమే వార్త రాసి, కవరు హైదరాబాద్ బస్సు డ్రైవరుకిచ్చాను. సంచి ఫారెస్టు ఆఫీసులో ఉందని రాశాను. పసిపిల్లలకు జడుపు పోవడానికి ఈ పెంకు మెడలో కడతారని ఒక వాక్యం కూడా చేర్చాను. పాఠకులకు ఆసక్తిగా ఉంటుందనుకున్నాను.

వార్త పడిన మర్నాటి నుంచి ఆడవాళ్లు చంటిపిల్లల్ని ఎత్తుకుని ఫారెస్టు ఆఫీసుకు రావడం మొదలుపెట్టారు. సంచికి లక్క సీలు వేయాల్సిన అధికారి ఇంకా రాలేదు. నేను అక్కడ ఉండగానే ఒక ముసలమ్మ వచ్చి గార్డును అడిగింది.

"సంచెడున్నయి గద బిడ్డా, ఒక్కటియ్యి. పోరి నిద్రల ఉలికిపడ్తున్నది."

"సర్కారుది అవ్వా. నేనియ్యరాదు."

"సర్కారుకు జడుపొస్తదా ఏంది?"

గార్డు నవ్వి సంచి విప్పి, ఒక పెంకు తీసి ఇచ్చాడు. చంటిబిడ్డ కోసం అడిగింది లేదనడం మా వైపు ఎవరికీ చేతకాదు. వచ్చినవాళ్లందరికీ అలాగే ఇచ్చాడు. అధికారి వచ్చేసరికి పదిహేను రోజులైంది. ఆయన మళ్లీ తూచకుండానే సీలు వేశాడు. అంతా చూస్తూ నేనూ ఏమీ అనలేదు.

కేసు కొట్టేశారు. వ్యాపారి తన అల్లం దుకాణానికి వెళ్లిపోయాడు. గార్డును బదిలీ చేశారు. బస్టాండులో కలిస్తే, "మీరు రాసింది తప్పు గాదు సార్. నేనిచ్చుడే తప్పు" అన్నాడు.

ఆ పదిహేను రోజుల్లోనే మా అమ్మ కూడా వెళ్లి, ఒక పెంకు తెచ్చి మా పాప మెడలో కట్టింది. నాకు తీర్పు తర్వాత తెలిసింది. కొన్నేళ్ల తర్వాత ఆ పెంకును తీసుకెళ్లి ఫారెస్టు ఆఫీసులో ఇవ్వబోయాను. అలాంటి కేసు తమ కాగితాల్లో లేదని గుమాస్తా తీసుకోలేదు. ఆ పెంకు నల్లదారంతో సహా ఇంకా మా బీరువాలోనే ఉంది.