అటక మీది ఆవకాయ బేసిను

మొన్న పొద్దున్న కాఫీ గ్లాసు పట్టుకుని కిటికీ దగ్గర నిలబడితే, ఎదురింట్లో కొత్తగా అద్దెకు దిగిన తెలుగు జంట మోకాలి లోతు మంచులో నిలబడి తమ ఇంటి చూరుకు వేలాడుతున్న మంచు కడ్డీలకు ఫోటోలు తీసుకుంటూ కనిపించారు. నన్ను చూసి ఆ అమ్మాయి చెయ్యి ఊపుతూ, "ఆంటీ, ఎంత బ్యూటిఫుల్‌గా ఉన్నాయో చూడండి, మా అమ్మకి పంపిస్తున్నా!" అని అరిచింది. నేనూ చెయ్యి ఊపాను గానీ లోపల ఒళ్ళు భగ్గున మండింది. ఆ పిల్ల మీద కాదు, పాపం దానికేం తెలుసు! చూరుకు అంత లావు కడ్డీలు దిగాయంటే పైన కప్పుకు రోగం పట్టిందని నాకు తెలిసేలా చేసిన మహానుభావుడు గుర్తొచ్చి మండింది. సాయంత్రం వెళ్ళి ఆ పిల్లలకు చెప్పాల్సింది చెప్పి వచ్చాను లెండి, కానీ అప్పటి నుంచి పాత సంగతులన్నీ గొంతు దాకా వచ్చి కూర్చున్నాయి.

మేము అమెరికా వచ్చి ఈ అరోరా ఊళ్ళో దిగిన కొత్తలో ఇక్కడ తెలుగువాళ్ళు బహు తక్కువ, ఉన్నవాళ్ళందరికీ పెద్దదిక్కు మా వారి మేనత్త కొడుకు. మా వారికి బావ కాబట్టి నాకు వరసకు అన్నగారు. ఎయిర్‌పోర్టు నుంచి తీసుకొచ్చేది ఆయనే, కారు నడపడం నేర్పేది ఆయనే, ఎవరింట్లో పురుడైనా ముందు వాలేది ఆయన భార్య, అంటే మా వదిన. అటువంటి మనిషి తను పెద్దిల్లు కొనుక్కుని పాతిల్లు మాకిస్తానంటే ఎగిరి గంతేశాం. ఇంటి లోటుపాట్లు చూసే మనిషిని పిలిచి ఇన్‌స్పెక్షన్ చేయించుకోకుండా కొనవద్దని మా వారి ఆఫీసులో ఎవరో అమెరికన్ చెప్పాడట. సొంత బావ ఇంటికి ఇన్‌స్పెక్టర్ని పంపడమంటే పెళ్ళిచూపుల్లో పిల్లని నోరు తెరవమని పళ్ళు చూసినట్టు ఉంటుందని మా వారి మొహమాటం. ఆ మొహమాటం ఉందే, అది సామానుతో పాటు సూట్‌కేసులో పెట్టుకుని మనం విమానమెక్కించి తెచ్చుకున్నదే కదా!

ఇల్లు చూడటానికి వెళ్ళింది నిండు చలికాలంలో. వీధిలో ప్రతి కప్పు మీదా జానెడు మంచు తెల్లగా పేరుకుని ఉంటే, ఈ ఇంటి కప్పు మాత్రం పైభాగమంతా బోసిగా, నల్లగా కనిపిస్తోంది. ఇదేమిటని నేను అడిగిన మాట నిజం. "తూర్పు ముఖం ఇల్లు చెల్లెమ్మా, సూర్యభగవానుడి చూపు ముందు ఇక్కడే పడుతుంది, మంచు కూడా నిలవదు," అన్నారు అన్నయ్యగారు. సూర్యుడు వీధి మొత్తానికీ ఒక్కడే కదా అన్న ఇంగితం మా ఇద్దరిలో ఒక్కరికీ కలగలేదు సరికదా, మంచి వాస్తు దొరికిందని మురిసి, ముహూర్తం దాటిపోతుందని హడావుడిగా సంతకాలు పెట్టి, పాలు పొంగించేశాం. ఆ ఏడు చూరుకు దిగిన కడ్డీల ముందు నిలబడి నేనూ ఫోటోలు దిగాను, పట్టుచీర మీద కోటు వేసుకుని మరీ.

మరుసటి చలికాలం సత్యనారాయణ వ్రతం పెట్టుకున్నాం. ఊళ్ళో ఉన్న మనవాళ్ళంతా వచ్చారు. కథ పూర్తయి హారతి ఇస్తుండగా పైనుంచి టప్పుమని ఒక చుక్క ప్రసాదం గిన్నెలో పడింది, వెనకే ఇంకొకటి. అందరూ తలెత్తి చూస్తే, ఇల్లు మాకిచ్చే ముందు అన్నయ్యగారు వేయించిన తెల్ల పెయింటు కింద నుంచి టీ ఒలికినట్టు గోధుమరంగు మరక, గోడ వారన ఉబ్బి పెచ్చులూడుతున్న సీలింగూ! అప్పుడు అన్నయ్యగారు సోఫాలోంచి కదలకుండా, అందరికీ వినబడేటట్టు, "మా చెల్లెమ్మకి పొద్దస్తమానం ఇడ్లీలు, పులుసులే, పొయ్యి మీద ఆవిరి లాగే ఫ్యాన్ ఆన్ చేసే అలవాటు లేదాయె. ఆ ఆవిరంతా పైకెళ్ళి ఇల్లు నానబెట్టింది. మేమున్నన్నాళ్ళు చుక్క కారితే ఒట్టు!" అన్నారు. అందరూ గొల్లుమన్నారు. మొదట నవ్వింది మా వారే.

ఆ రోజు నుంచి నేను ఈ ఊరికి ఇడ్లీ ఆంటీని అయిపోయాను. ఎవరింటికి వెళ్ళి వంటింట్లో సాయం చేయబోయినా ముందు ఫ్యాన్ వేసేసి ముసిముసిగా నవ్వేవారు. కొత్తగా వచ్చిన కోడళ్ళకు, ఇల్లు పాడుచేసుకున్న ఆవిడ ఈవిడేనని నన్ను చూపించి చెప్పేవారు. ఇల్లు దిద్దుకోవడంలో నాకు నేనే సాటి అనుకున్నదాన్ని, నలుగురిలో అంత మాట పడ్డాక అన్నం సయించేది కాదంటే నమ్మండి.

మంచు కాస్త తగ్గాక, మా వారు ఆఫీసుకు వెళ్ళినప్పుడు, నిచ్చెన వేసుకుని టార్చి పట్టుకుని అటక ఎక్కాను. కప్పు చెక్కలు నల్లగా బూజు పట్టి ఉన్నాయి, మేకుల మొనల మీద తెల్లగా మంచు పట్టి కరిగి కారుతోంది. మూలగా వంగి చూద్దును కదా, సరిగ్గా ఆ మరకకు పైన, ఒక నీలం ప్లాస్టిక్ బేసిను పెట్టి ఉంది. అంచు ఒకచోట స్టవ్ సెగ తగిలి కరిగి వంకరపోయిన ఆ బేసిను నాకు బాగా తెలుసు. వదిన అందులోనే ఆవకాయ కలిపేది, నేను పక్కన కూర్చుని ఎన్ని ముద్దలు తిన్నానో! పారబోసేవాళ్ళు లేక అంచు దాకా నిండిన ఆ బేసిను గోడలకు, నీళ్ళు నిండి, ఎండి, మళ్ళీ నిండిన చారలు ఒకదాని మీద ఒకటి ఉన్నాయి. అంటే ఎన్నేళ్ళ నుంచి కారుతోందో! భార్యాభర్తలిద్దరికీ తెలిసే, పైన బేసిను పెట్టి, కింద సున్నం పూసినట్టు పెయింటు పూసి మాకు అంటగట్టారన్నమాట.

సాయంత్రం ఆ బేసిను తెచ్చి మా వారి ముందు పెట్టాను. ఆయన దాన్ని ఒక పక్కకు జరిపి, "పోనీలే, మనవాళ్ళేగా, ఇప్పుడు రచ్చ చేస్తే బాగుండదు," అన్నారు. బాగుండదట! ఎవరి దగ్గరా నోరెత్తనని నా దగ్గర మాట కూడా తీసుకున్నారు. నేను నోరెత్తలేదు. కానీ నోరెత్తకుండా కక్ష తీర్చుకోవడం ఆడదానికి ఒకరు నేర్పాలా?

కప్పుల సంగతంతా నేర్చుకున్నాను. లైబ్రరీ నుంచి పుస్తకాలు తెచ్చాను, చలికాలమంతా వీధులు తిరుగుతూ కప్పులే చూశాను. లోపలి వేడి అటకలోకి పోయే ఇంటి మీద మంచు ముందుగా కరుగుతుంది, ఆ నీరు చల్లటి చూరు దగ్గరకొచ్చి గడ్డకట్టి గట్టు వేసుకుంటుంది, వెనక నిలిచిన నీరు, కప్పు మీద పెంకుల్లా పరిచే షింగిల్స్ కిందకు దూరి ఇంట్లోకి దిగుతుంది. లావు కడ్డీలూ, పక్కిళ్ళు తెల్లగా ఉండగా బోసిపోయిన కప్పూ దాని గుర్తులే. వసంతంలో చూరు వెంట వాన నీళ్ళు పోయే గట్టర్లలో నల్లటి ఇసుక చేరిందంటే షింగిల్స్‌కు ముసలితనం వచ్చిందని. కిటికీ పక్కన పెయింటు పొంగిందంటే ఇక చెప్పనక్కర్లేదు.

దేవుడు నా పక్షాన ఉన్నాడు కాబట్టి, అన్నయ్యగారు రిటైరయ్యాక మనవాళ్ళకు ఇళ్ళు చూపించి అమ్మే పని మొదలుపెట్టారు. కొనే ఆడవాళ్ళకు నేను తోడు వెళ్ళేదాన్ని. ఆయన పూజగదికి ఎంత బాగుంటుందో ఈశాన్యం మూల చూపిస్తుంటే, నేను వీధిలో నిలబడి తలెత్తి, "అన్నయ్యగారూ, ఈ ఇంటి మీద మంచు ఏదండీ?" అని అమాయకంగా అడిగేదాన్ని. అంతే, బేరం బెడిసికొట్టేది. ఆయన మొహంలో రంగు మారడం చూస్తే నాకు కలిగే తృప్తి, అబద్ధమెందుకు, ఏ తీర్థయాత్రలోనూ కలగలేదు. మెల్లగా మనవాళ్ళు ఇల్లు కొనాలంటే ముందు నాకు ఫోన్ చేసి, తర్వాత ఆయనకు చేసేవారు. చివరికి ఆయనకు చేయడమే మానేశారు.

ఒకనాడు ఆయనే మా ఇంటికొచ్చి, "నా మీద ఎందుకమ్మా నీకింత పగ?" అన్నారు. నేను లోపలికెళ్ళి నీలం బేసిను తెచ్చి ముందు పెట్టాను. తల దించుకుని, తప్పయిపోయింది చెల్లెమ్మా అన్నారు. నలుగురిలో అన్న మాట నలుగురిలోనే వెనక్కి తీసుకోండి, అప్పుడు కాఫీ ఇస్తాను అన్నాను. ఆ వయసులో ఆయన అంత పని చేయలేకపోయారు, కాఫీ తాగకుండానే వెళ్ళిపోయారు. గుమ్మం దిగేటప్పుడు జారబోయి రైలింగ్ పట్టుకున్నారు, నేను చూస్తూ నిలబడ్డానే గాని చెయ్యి అందించలేదు.

పోయిన నెల ఆయనకు సహస్ర చంద్ర దర్శనం చేశారు పిల్లలు, పెద్ద హాల్లో. వదిన స్వయంగా ఫోన్ చేసి రమ్మంటే వెళ్ళాను. భోజనాలకు ముందు ఆయన మైకు తెప్పించుకుని, ఫలానా చెల్లెమ్మ ఇంటి కప్పు కారింది ఆమె వంట వల్ల కాదని, కారుతుందని తెలిసే తాము అమ్మామని, నిండు సభలో ఆమెను నవ్వులపాలు చేసినందుకు క్షమించమని, ఏ మాటా మింగకుండా చెప్పారు.

నేను హాలంతా కలయజూశాను. ఆ దంపతులు తప్ప ఆనాటి వ్రతానికి వచ్చినవాళ్ళలో ఒక్కరు కూడా లేరు. కొందరు పిల్లల దగ్గరకు టెక్సాస్ వెళ్ళిపోయారు, కొందరు పైకే వెళ్ళిపోయారు. కూర్చున్నవాళ్ళంతా ఆయన మనవల స్నేహితులు, ఫోన్లు చూసుకుంటున్నారు. పక్కన కూర్చున్న అమ్మాయి, "ఎవరి గురించి ఆంటీ?" అని నన్నే అడిగి, అందరితో పాటు చప్పట్లు కొట్టింది. మొదట నవ్విన మనిషి వింటే చాలనుకున్నాను ఇన్నేళ్ళూ, మా వారు పోయి మూడు చలికాలాలు అయింది.

ఇప్పటి పిల్లలు తెలివైనవాళ్ళు. కన్నతండ్రి దగ్గర కొన్నా ఇన్‌స్పెక్షన్ చేయిస్తారు, మనిషిని కప్పు ఎక్కించి చూపించుకుంటారు, మొహమాటం అనే మాటకు అర్థం చెప్పమంటారు. వాళ్ళను మాలాగా ఎవరూ మోసం చేయలేరు, అందుకు సంతోషమే. వాళ్ళు అంత గుడ్డిగా నమ్మగలిగే మనిషి ఈ ఊళ్ళో ఒక్కరూ లేరని తలుచుకున్నప్పుడు మాత్రం, నా అన్నగారి మీద నాకున్న కోపం కూడా ఒక బంధుత్వమేనేమో అనిపిస్తుంది.