వేడినీళ్లు మా పిల్లి మీదే ఎందుకు?

ఇంకా ఒళ్లు మండుతూనే ఉంది, అందుకే రాస్తున్నాను. ఈ ఉదయం ఆళ్లగడ్డలో, మా ఇంటికీ పక్కింటికీ మధ్య ఉన్న గోడ మీద మా బుజ్జీ, వాళ్ల గండుపిల్లీ కొట్లాడుకున్నాయి. పక్కింటి రత్నమ్మక్క చెంబుతో వేడినీళ్లు తెచ్చి మా బుజ్జి మీద మాత్రమే పోసింది. పాపం, దాని వీపు మీద తోలు ఊడిపోయింది. పశువుల ఆసుపత్రిలో మందు రాయించుకొని వచ్చి, నేరుగా వాళ్ల గుమ్మం ముందు నిలబడ్డాను.

"ఏందక్కా, కొట్లాడింది రెండూ అయితే కాల్చేది మాదాన్నేనా?"

"మీది గోడెందుకు ఎక్కాల? ఇంట్లో కట్టేసుకోపో."

"మీది దినామూ మా ఇంట్లో పాలు తాగి పోతాంది. ఎప్పుడన్నా ఒక మాటంటిమా?"

ఆమె తలుపు వేసుకుంది.

సాయంత్రం ఆ గండుపిల్లి ఏమీ జరగనట్టు మా వంటింట్లోకి వచ్చింది. పొయ్యి మీద నీళ్లు కాగుతున్నాయి. నిజం చెప్తున్నాను, గిన్నె చేతిలోకి తీసుకున్నాను కూడా. అది వచ్చి నా కాళ్లకు రాసుకుంటూ నిలబడింది. గిన్నె మళ్లీ పొయ్యి మీద పెట్టేశాను.

పిల్లి మీద కోపం పోయింది. ఆమె మీద పోలేదు, పోవాలని కూడా నాకు లేదు. మీరైతే ఏం చేసేవాళ్లు?