గోవిందరావు గారి సిక్ లైను

నింపురా యార్డులో ముప్పై ఆరు సంవత్సరాలపాటు గూడ్సు వేగన్ల ఆరోగ్యాన్ని నిర్ణయించిన గోవిందరావు గారికి, ఒకటో తరగతి పిల్లల అక్షరజ్ఞానాన్ని నిర్ణయించడం పెద్ద పనిగా తోచలేదు. వేగనుకు ఎనిమిది చక్రాలు, పిల్లవాడికి రెండే కాళ్ళు. కనుక పని నాలుగోవంతుకు తగ్గిందని ఆయన లెక్క. ఆ లెక్కలో తప్పు పట్టగలవాడు ఖరగ్‌పూర్ తెలుగువారిలో ఎవడూ లేడని ఆయన నమ్మకం. తప్పు పట్టే ఓపిక ఎవడికీ లేదన్నది వాస్తవం.

ఉద్యోగకాలంలో ఆయన చేతిలో పొడుగాటి పిడి గల సుత్తి, జేబులో సుద్దముక్క ఉండేవి. సుత్తితో చక్రాన్ని తట్టి చెవి ఒగ్గేవారు. ఖంగుమంటే చక్రం మంచిది. వేగను మీద సుద్దతో ‘ఫిట్’ అని రాసి, వెనక్కి చూడకుండా సాగిపోయేవారు. బొంగురుగా పలికితే ‘సిక్’ అని రాసేవారు. అంతట ఆ వేగనును బండి నుంచి తెంపి, మరమ్మతుల కోసం పక్క పట్టా మీదికి నెట్టేవారు. ఆ పట్టా పేరే సిక్ లైను. ఆఫీసరు బతిమాలినా, గుమాస్తా కాళ్ళు పట్టుకున్నా, ఆయన సిక్కును ఫిట్టుగా గాని ఫిట్టును సిక్కుగా గాని ఒక్కనాడూ రాయలేదు. ఇంత ధర్మం యుధిష్ఠిరుడికైనా పూర్తిగా అబ్బలేదు. ఆరేళ్ళ కిందట రిటైరయినప్పుడు రైల్వేవారు సుత్తిని వెనక్కి తీసుకున్నారు. చెవిని తీసుకోవడం మరిచారు. నాటినుంచి మలంచా పేటలోని సొంత ఇల్లు, ఇరుగుపొరుగులు, కూరగాయల బజారు, అన్నీ ఆయన యార్డులోనివే అయ్యాయి.

తాల్‌బగీచా వెళ్ళే దారిలో ఒక తెలుగు బడి ఉంది. శ్రీకాకుళం, విజయనగరం పల్లెల నుంచి రైల్వే వర్కుషాపు కూలికి వచ్చిన తాతల కాలంలో పుట్టిన బడి. ఆ తాతల మునిమనుమలు వీధిలో బెంగాలీ, ఫోనులో హిందీ, అన్నం దగ్గర మాత్రం తెలుగు మాట్లాడతారు. ఒకటో తరగతిలో పద్దెనిమిది మంది పిల్లలు. వారిని పదకొండేళ్ళుగా పాటలతో, చింతపిక్కలతో, ఇసుక పళ్ళెంతో సాకుతూ వచ్చిన మీనాకుమారి టీచరు, దీపావళినాటి కాళీపూజ సెలవులు ముగియగానే పురిటికి వెళ్ళింది. బదులు టీచరు దొరకలేదు. బడి కమిటీ సమావేశాలన్నిటికీ హాజరై, అన్ని తీర్మానాలకూ అభ్యంతరం చెప్పడం ద్వారా సభ్యత్వం సార్థకం చేసుకున్న గోవిందరావు గారు పాఠాలు తామే చెబుతామన్నారు. సెక్రెటరీ జగ్గారావు వెంటనే ఒప్పుకున్నాడు. క్లాసులో ఉన్నంతసేపైనా ఈయన సమావేశాల్లో ఉండడు కదా అన్నది అతని దూరదృష్టి.

దీనికి వెనక ఇంటి కథ ఒకటి ఉంది. గోవిందరావు గారి కొడుకు గిరిబాబు వర్కుషాపులో ఫిట్టరు. అతని కూతురు వినీల ఆ ఒకటో తరగతిలోనే ఉంది. తెలుగు చదివి పిల్ల బాగుపడేదేమీ లేదనీ, సుభాష్‌పల్లి వైపున్న ఇంగ్లీషు స్కూలులో వేస్తాననీ గిరిబాబు ప్రకటించాడు. తండ్రీకొడుకులు పది రోజులు వాదించుకుని ఒక ఒడంబడికకు వచ్చారు. మాఘంలో వచ్చే సరస్వతీ పూజనాడు పుస్తకాలన్నీ అమ్మవారి పాదాల చెంతకు చేరతాయి. ఆనాడు ఎవరూ చదవకూడదు. కనుక ముందురోజు పరీక్ష. వినీల వాచకంలో ఒక పుట తడబడకుండా చదివితే బడిలో ఉంటుంది. లేకుంటే ఇంగ్లీషు స్కూలు ఫారం నింపబడుతుంది. ఈ మాట విని జగ్గారావు ముఖం పాలిపోయింది. తెలుగు కోసం ఇంతగా గొంతు చించుకునే మనిషి సొంత మనుమరాలే వెళ్ళిపోతే, ఇంజను వెంట పెట్టెలు పోయినట్టు తక్కినవారూ పోతారు, బడికి తాళమే.

మొదటి రోజున గోవిందరావు గారు ఇసుక పళ్ళేన్ని అటక ఎక్కించారు. చింతపిక్కలు బయట పారబోయించారు. తరువాత తనిఖీ. స్కేలుతో బల్లను ఒక్కసారి తట్టడం, పలక మీది అక్షరాన్ని చూపడం, చెవి ఒగ్గడం. ఠక్కున చెప్పినవారి పలక మీద ‘ఫిట్’. వారు చేతులు కట్టుకుని, ఇంజను కోసం ఎదురుచూసే పెట్టెల్లాగా కదలక కూర్చోవాలి. చెప్పలేనివారి పలక మీద ‘సిక్’. వారికి కిటికీ పక్క బల్ల. అదే సిక్ లైను. ఆనాడు ఫిట్లు పదమూడు, సిక్కులు అయిదు.

మరమ్మతు దూరం నుంచి జరిగేది కాదు గనుక ఆయన స్వయంగా వెళ్ళి ఆ బల్ల మీద, పిల్లల నడుమ ఇరుక్కుని కూర్చునేవారు. ఒక్కొక్కరి వేలు పట్టుకుని దిద్దించేవారు. ‘ఠ’ అంటే బండి చక్రమనీ, నడుమ చుక్క ఇరుసు అనీ చెప్పి, ఆ ఇరుసు ఒకసారి విరిగినప్పుడు తాను చూపిన ప్రతాపం వినిపించేవారు. నాలుక మొరాయించినవారికి గ్రీజు వేసేవారు. గ్రీజు అనగా, చలికాలంలో బజారుకు వచ్చే కొత్త ఖర్జూరపు బెల్లం ముక్క.

ఫిట్ పిల్లల వంక ఆయన మళ్ళీ చూడలేదు. ఫిట్ అని రాశాక చూడడానికి ఏముంది?

మొదట రోగం తగిలింది రాజ్ కిరణ్‌కు. మొదటి రోజునే వాచకం సగం అప్పజెప్పిన రాజ్ కిరణ్, నాలుగోనాడు ‘అ’ను మరిచిపోయాడు. స్కేలు తట్టారు. మళ్ళీ తట్టారు, వాడు కిటికీ వంక, బెల్లం డబ్బా వంక చూసి నిట్టూర్చాడు. సిక్ లైనుకు పంపక తప్పలేదు. మరునాడు ఇద్దరు ‘ఆ’ను, ‘ఇ’ని పోగొట్టుకున్నారు. ఆ పై వారంలో ఒక పిల్ల తన పేరే మరిచింది. వినీల అందరికన్నా తెలివిగలది. అక్షరాలు వచ్చునన్నది, కలిపి చదవడమే రాదన్నది. ఆ జబ్బుకు మరమ్మతు ఎక్కువ కాలం పడుతుంది. సంక్రాంతి నాటికి పద్దెనిమిది మందీ సిక్కులే. కిటికీ బల్ల చాలక మరి రెండు బల్లలను దానికి తగిలించవలసి వచ్చింది.

గోవిందరావు గారు కారణాలు శోధించారు. పొగమంచు, సెల్‌ఫోను, తల్లుల వంటలో ఆవనూనె, మీనాకుమారి టీచరు పదకొండేళ్ళ పాటలు అని నాలుగింటిని కమిటీ వాట్సాప్ గ్రూపులో ప్రకటించారు. అయిదో కారణం స్కేలు పట్టుకుని అద్దం ముందు నిలబడితే కనిపించేది. అద్దాన్ని తనిఖీ చేసే అధికారం తమకు లేదనుకున్నారు కాబోలు.

ఆయన భార్య చిట్టెమ్మ ఆయనకు సొంత అక్క కూతురే. అందుచేత పెళ్ళై నలభై రెండేళ్ళయినా మావా అనే పిలుస్తుంది. దీపావళికి ఆమె కళ్ళజోడు పుడక విరిగింది. బాగుచేయించమని మూడుసార్లు చెప్పి ఊరుకుంది. నాటినుంచి గోడమీది తెలుగు క్యాలెండరు, మందుడబ్బాల మీద గిరిబాబు తెలుగులో రాసిపెట్టిన పేర్లు వినీలే చదివి పెడుతోంది. ఈ సంగతి చిట్టెమ్మ భోజనాల వేళ రెండుసార్లు ఎత్తింది. రెండుసార్లూ ఆయన గార్డు ఎర్రజెండా చూపినట్టు ఎడమచెయ్యి ఎత్తి, ఇది టెక్నికల్ మేటరు, ఆడవాళ్ళకు అర్థం కాదన్నారు. ఆమె చారు వడ్డించింది.

పరీక్ష రోజు వచ్చింది. గిరిబాబు సగం రోజు సెలవు పెట్టి, ఇంగ్లీషు స్కూలు ఫారం నాలుగు మడతలుగా జేబులో పెట్టుకుని గుమ్మంలో నిలబడ్డాడు. జగ్గారావు కుర్చీ అంచున కూర్చున్నాడు. చిట్టెమ్మ మనుమరాలి కోసం వచ్చానని చెప్పి వెనక గోడకు ఆనుకుంది. వినీల కిటికీ పక్కన, తన చోటులో ఉంది. ముందు చీమల పాఠం తెరిచి ఉంది.

గోవిందరావు గారు బల్ల తట్టారు. పిల్ల పుస్తకం వంక చూసింది, తాత వంక చూసింది, పెదవులు బిగించింది. మళ్ళీ తట్టారు. మూడోసారి స్కేలు బొంగురుగా పలికింది. బల్ల పగులో, తమ గుండెలోని పగులో ఆయనకే తెలియలేదు.

“అయిపోనాది నాన్నా,” అన్నాడు గిరిబాబు మెల్లగా. “మూడు నెల్లు సూసినాం. నీ మాటే కదా.” జేబులోంచి ఫారం తీశాడు.

గోవిందరావు గారు కాదనలేదు. మనుమరాలైనా, బడికి తాళం పడనున్నా, దొంగ సర్టిఫికెట్టు ఇవ్వడం ఆయన వంశంలో లేదు. జేబులోంచి సుద్ద తీసి వినీల పలకను దగ్గరకు లాక్కున్నారు. ‘సి’ రాయబోయారు.

“మావా, ఆ సుద్ద కింద పెట్టు,” అంది చిట్టెమ్మ గోడ దగ్గరినుంచి. “మొన్న అమాస ఎప్పుడో నాకు సదివి సెప్పింది ఈ గుంటే. నీ బీపీ మాత్ర పేరు సదివిందీ ఇదే.”

“మరి నాకేల సదవదు?”

“సదివితే ఫిట్టంతావు. ఫిట్టంటే మరి సూడవు.” ఆమె కొంగు సర్దుకుంది. “నన్నలాగే పెళ్ళినాడు ఫిట్టని గీత గీసీసినావు. నలభై రెండేళ్ళయినాది. మళ్ళీ ఒక్క తూరి సుత్తి అట్టుకొచ్చినావేటి?”

జగ్గారావుకు కిటికీ బయట ఏదో అత్యవసరంగా చూడవలసిన పని పడింది. అతని భుజాలు మాత్రం కదులుతున్నాయి.

అప్పుడు వినీల నోరు విప్పింది. “తాతా, సదివితే నన్నీ బల్ల మీంచి లెగదీసేత్తావా?”

ప్రశ్న చిన్నదే. కాని ఫిట్ అయిన పెట్టెను సిక్ లైనులో ఒక్క గంట ఉంచడం కూడా నేరమని ముప్పై ఆరేళ్ళు ఇతరులకు బోధించిన మనిషి ముందు పడింది. రూల్సు పుస్తకమంతా ఆయన ముఖం మీదుగా పుట పుటా తిరిగిపోవడం అందరూ చూశారు. చివరికి ఆయన సుద్దముక్కను బల్ల మీద పెట్టేశారు.

“లెగదియ్యను. కూకో.”

“బెల్లం?”

“బెల్లమూ ఉంతాది. సదువు.”

వినీల చదివింది. చీమల పుట తడబాటు లేకుండా ముగించి, ఆపమని ఎవరూ అనకపోయేసరికి అవతలి పుటకు వెళ్ళింది. తరువాత పుస్తకం తిరగేసి, అట్ట వెనక చిన్న అక్షరాల్లో ఉన్న ముద్రణాలయం పేరు కూడా వదలలేదు. మూడు నెలలుగా ఉగ్గబట్టుకున్న రాజ్ కిరణ్‌కు ఇక సహనం చాలలేదు, వాడు కాకి పాఠం ఎత్తుకున్నాడు. వాడి వెంట మరొకరు, ఆ వెంట అందరూ. పద్దెనిమిది మంది రోగులు పద్దెనిమిది పాఠాలు ఏకకాలంలో చదువుతుంటే ఆ గది యార్డు కన్నా ఎక్కువగా మోగింది. గిరిబాబు ఫారాన్ని మళ్ళీ నాలుగు మడతలు పెట్టాడు. ఈ ఏడాదికి ఉండనిద్దామనీ, పై ఏడాది సంగతి పై ఏడాదనీ గొణిగి, డ్యూటీకి వెళ్ళిపోయాడు.

ఇంత జరిగాక గోవిందరావు గారు మారిపోయారని రాస్తే, అది ఆయన ఎన్నడూ ఇవ్వని దొంగ సర్టిఫికెట్టును నేను ఇచ్చినట్టవుతుంది. పూజ వెళ్ళిన మూడోనాడే కమిటీకి ఆరు పుటల నివేదిక సమర్పించారు. తాము బాధ్యత స్వీకరించేనాటికి తరగతి దయనీయస్థితిలో ఉన్నదనీ, శాస్త్రీయమైన తనిఖీ, గ్రీజు మూలంగా పద్దెనిమిదింట పద్దెనిమిది మరమ్మతు చేయబడినవనీ అందులో ఉంది. పద్దెనిమిదింటినీ చెడగొట్టినది ఎవరన్న సంగతికి పుటలు చాలలేదు. సెలవు ముగించుకుని వచ్చిన మీనాకుమారి దాన్ని శ్రద్ధగా చదివి, అటక మీది ఇసుక పళ్ళేన్ని దింపింది. కొత్త చింతపిక్కలు తెప్పించింది. కిటికీ పక్క బల్లను మాత్రం కదపలేదు. రోజుకు ఇద్దరు చొప్పున, వచ్చినా రాకపోయినా, పిల్లలందరికీ అక్కడ వంతు ఉంటుంది. కాసేపు ఆమె పక్కన కూర్చుంటుంది. ఈ ఏర్పాటు గోవిందరావు గారి చెవిన పడకుండా జాగ్రత్తపడింది. పడితే ఏడో పుట వస్తుంది.

బాధ్యతలు అప్పగించిన ఆ సాయంత్రం ఆయన ఇంటికి వచ్చేసరికి చిట్టెమ్మ వంటింటి గుమ్మంలో బఠాణీలు ఒలుస్తోంది. ఆయన చెప్పులు విడిచారు. దగ్గారు. ఆమె మోకాలి నొప్పి ఎలాగుందని అడిగారు.

చిట్టెమ్మ తల ఎత్తలేదు. “బండి ఆఖరి టేసనుకొచ్చినాక ఇన్‌స్పెక్షనేటి మావా?”

 ఆయన గూట్లోంచి పుడక విరిగిన కళ్ళజోడు తీసుకొచ్చి, ఆమె పక్కన పీట మీద కూర్చుని, వెలుగుకు పట్టి అటూ ఇటూ తిప్పి చూశారు. సిక్కే, అనుమానం లేదు. అలవాటుగా సుద్ద కోసం జేబులో చెయ్యి పెట్టారు. సుద్ద బడిలోనే ఉండిపోయింది. చేతికి తగిలింది బెల్లం ముక్క.