అక్క ఇచ్చిన ఒక్క గులాబి

నా చిన్నప్పుడు నాకు పండుగంటే గలిలయే. మాది సుల్తానాబాద్ దగ్గర ఒక చిన్న ఊరు. మా చర్చి వాళ్లం ముప్పై ఇళ్ల దాకా ఉండేవాళ్లం. ఈస్టర్ మర్నాడు, సోమవారం పొద్దున్నే, గిన్నెలూ గంజులూ బండ్లకెక్కించి అందరం వాగు ఒడ్డునున్న మామిడి తోటకు పోయేవాళ్లం. అక్కడే వండుకు తిని, సాయంత్రం దాకా పాటలు పాడుకుని, ఆటలాడుకుని వచ్చేవాళ్లం. సమాధిలోంచి లేచిన ప్రభువు తన శిష్యులను గలిలయకు రమ్మన్నాడు కాబట్టి ఆ రోజుకు ఆ పేరు. నేను మాత్రం గలిలయ అంటే మా వాగు ఒడ్డే అనుకునేదాన్ని. మా పాస్టరు అయ్యగారు బైబిలు చదువుతుంటే, మా మామిడి తోట పేరు అందులోకి ఎక్కిందని లోపల్లోపల గర్వపడేదాన్ని.

ఆ దారి ఇప్పటికీ కళ్లకు కట్టినట్టుంటుంది. కానుగ చెట్ల కింద రాలిన పూలు పేలాలు పోసినట్టు పరుచుకుని ఉండేవి. వేప పూత వాసన బండి వెంటే వచ్చేది. మోదుగు పూలు అప్పటికే చాలావరకు రాలిపోయి, ఎక్కడో ఒక కొమ్మకు నాలుగు మిగిలేవి. మా అవ్వ, అంటే మా అమ్మ, ఆ నాలుగింటి కోసం బండి ఆపించి దిగేది. ఆమెకు పూల పిచ్చి. ఏడాదంతా నాట్లనీ కలుపులనీ వంచిన నడుం ఎత్తని మనిషి, ఆ ఒక్కరోజు చిన్నపిల్లలా చెట్టుచెట్టుకూ తిరిగేది. ఒడి నిండా పూలు తెచ్చి నా రెండు జడల్లో పట్టినన్ని కుక్కి, మిగిలినవి ఎద్దుల కొమ్ములకు చుట్టేది. బెల్లంపల్లిలో బొగ్గు బాయి పని చేసే మా బాపు, అంటే మా నాన్న, పండుగకని సెలవు పెట్టి వచ్చి ఆ బండి తోలేవాడు. ఎద్దులు సిగ్గుతో నడవడం లేదని అవ్వను ఆటపట్టించేవాడు.

అవ్వతో వెళ్లిన చివరి గలిలయ నాడు ఆమె తోట కాపలా ఆయనను బతిమాలి ఒక మల్లె అంటు తెచ్చుకుంది. దాన్ని పెరట్లో నాటి, బియ్యం కడిగిన నీళ్లు దానికే పొయ్యాలని నాకు అప్పగించింది. వచ్చే ఈస్టరుకు పూస్తే మొదటి పూలు తనకే ఇవ్వాలని మాట కూడా తీసుకుంది. అప్పుడు నాకు తొమ్మిదో ఏడు. మాట ఇవ్వడమంటే పెద్దవాళ్ల పని, అది నాతో చేయించినందుకు పొంగిపోయాను.

ఆ వానాకాలం మా ఇంట్లో ఇద్దరికి జ్వరం పట్టుకుంది, అవ్వకూ నాకూ. నాకు తగ్గింది, ఆమెకు తగ్గలేదు. అవ్వను మట్టి చేసిన రోజు నాకు ఒళ్లు తెలియలేదు. మూడు రోజులుగా వదలని వాన. బాపుకు కబురు అందేసరికి వాగు పొంగి దారి తెగింది. అయ్యగారూ ఇద్దరు మగవాళ్లూ కలిసి, సమాధుల తోటలో కింది వైపు, చెరువు దిక్కున ఆమెను పెట్టి, మీద ఒక కట్టె సిలువ గుచ్చి వచ్చారట. ఆ వారంలోనే చెరువు నిండి మత్తడి దుంకింది. నీళ్లు తగ్గాక చూస్తే కింది వైపు దిబ్బలన్నీ కలిసిపోయి, దున్నని మడిలా చదునుగా ఉన్నాయట. సిలువ ఎటు కొట్టుకుపోయిందో ఎవరికీ తెలియదు. ఈ సంగతి నాకు గానీ బాపుకు గానీ ఎవరూ చెప్పలేదు.

చలి పోయి ఎండ ముదిరేసరికి మల్లె మొగ్గ తొడిగింది. అప్పటికి నన్ను మా బాపమ్మ, అంటే బాపు వాళ్ల అమ్మ, సాకుతోంది. నేను పొద్దస్తమానం ఆ చెట్టు దగ్గరే కూర్చోవడం చూసి, దానికేమైనా పెండ్లి సంబంధం చూస్తున్నవా అని నవ్వేది. కోడిని కూడా ఆ పక్కకు రానిచ్చేదాన్ని కాదు. మొగ్గలు ఒకటొకటిగా పెరుగుతుంటే, అవి నా కోసం కాదు, అవ్వ కోసం పెరుగుతున్నాయని నాకు గట్టి నమ్మకం. ఈస్టర్ ముందు శనివారానికి గిన్నెడు మొగ్గలు దొరికాయి. తడి గుడ్డలో చుట్టి నీళ్ల కుండ పక్కన పెట్టాను.

ఆ శనివారం మాలో ఎవరి సమాధులు వాళ్లు బాగు చేసుకుంటారు. గడ్డి చెక్కి, మన్ను ఎత్తి, సున్నం కొడతారు. ఆదివారం తెల్లవారుజామున అక్కడే కొవ్వొత్తులు వెలిగించి ఆరాధన చేసి, సమాధుల మీద పూలు పెడతారు. ఆ ఏడు కూడా బాపు వచ్చాడు. సున్నం బకెట్ ఆయన చేతిలో, కుంచె నా చేతిలో. కింది వైపుకు వెళ్లి బాపు అట్లాగే నిలబడిపోయాడు. అవ్వను పెట్టినవాళ్లను పిలిచి అడిగాడు. ఒకాయన ఇక్కడన్నాడు. ఇంకొకాయన, కాదు, ఆ తుమ్మ చెట్టుకు ఇవతల అన్నాడు. కాసేపు వాదులాడుకుని ఇద్దరూ తల దించుకున్నారు. అయ్యగారికి కూడా తెలియలేదు. బాపు బకెట్ కింద పెట్టి, ఆ చదును నేల మీద కూర్చుండిపోయాడు.

అవ్వను దొరకబట్టేదాకా ఇంటికి రానని నేను మొండికేశాను. ఒక కర్ర తీసుకుని, పొద్దు గూకేదాకా ఆ నేలంతా గుచ్చి చూశాను. మా అవ్వ చచ్చిపోయిందని అంతకు ముందు ఎనిమిది నెలలుగా అందరూ చెబుతున్నారు. నాకు మాత్రం అది ఆ సాయంత్రమే జరిగింది. బాపమ్మ నన్ను చంకనేసుకుని తీసుకుపోయింది. గలిలయకు రానని, మల్లెలు ఎవరికీ ఇవ్వనని, ఆ చెట్టును వేళ్లతో సహా పీకేస్తానని ఇల్లు ఎగిరిపోయేట్టు ఏడ్చాను.

మా పక్కింట్లో ఒక అక్క ఉండేది. ఇరవై ఏళ్లుంటాయేమో. నాకు తల దువ్వేది, తన పెరటి గులాబీలు నా జడలో పెట్టేది. అంతకు ముందు ఏడు ఆమెకు కొడుకు పుట్టి, నలభై రోజులు నిండకుండానే పోయాడు. ఆ పిల్లవాడి గురించి నాకు తెలిసింది అంతే. ఎక్కడ పెట్టారని ఎప్పుడూ అడగలేదు. ఆ వయసులో నా దుఃఖం తప్ప ఇంకొకరిది నా కంటికి ఆనలేదు. నా ఏడుపు మాత్రం గోడ అవతల ఆమెకు వినపడే ఉంటుంది.

మర్నాడు తెల్లవారుజామున అందరూ తమ తమ వాళ్ల దగ్గర కొవ్వొత్తులు వెలిగించి నిలబడ్డారు. నేను మల్లెల గిన్నె పట్టుకుని దారి మధ్యలో నిలబడ్డాను. పాట ఎత్తుకునే ముందు అక్క వచ్చి నా చెయ్యి పట్టుకుంది. మీది వరసలో, గట్టు పక్కనున్న ఒక చిన్న దిబ్బ దగ్గరికి తీసుకుపోయింది. దాని చుట్టూ వాగులోని గులకరాళ్లు పేర్చి ఉన్నాయి. తల దగ్గర పేరు లేని ఒక రాయి, దానికి అప్పుడే ఆరిన సున్నం. ఒక కొవ్వొత్తి వెలుగుతోంది.

"గిదే చెల్లె. మీ అవ్వ గీడనే ఉన్నది," అంది.

నేను ఊరికే నమ్మే రకం కాదు. కింది వైపు పెట్టామన్నారు కదా అని అడిగాను. నీళ్లొస్తాయని ఆఖరి గడియలో మీదికి తెచ్చారని, ఆ వానలో మగవాళ్లకు యాది లేకుండా పోయిందని చెప్పింది. మరి ఇంత చిన్నగా ఉందేమని అడిగాను. ఆ మాటకు ఆమె దిబ్బ మీదికి వంగింది. కొవ్వొత్తి గాలికి ఆరకుండా చెయ్యి అడ్డం పెట్టింది.

"వానలకు మన్ను కరిగింది," అంది చివరికి.

గిన్నెలోని మల్లెలన్నీ ఆ దిబ్బ మీద పోశాను. అవ్వా, మాట నిలబెట్టుకున్న అని గట్టిగానే చెప్పాను. అక్క చేతిలో ఒక్క గులాబి ఉంది, పూర్తిగా విచ్చనిది. అది నా చేతిలో పెట్టి, దీన్ని కూడా నువ్వే పెట్టమంది. తర్వాత నాలుగడుగులు వెనక్కి వెళ్లి నిలబడింది. బాపు వచ్చాడు. ఆ దిబ్బను చూశాడు, అక్కను చూశాడు. భుజం మీది తువ్వాల తీసి నోటికి అడ్డం పెట్టుకున్నాడు. అవ్వ కోసం ఏడుస్తున్నాడనుకున్నాను. ఆరాధన కాగానే ఇంటికి పరుగెత్తి పొయ్యిలోంచి బొగ్గు తెచ్చి, ఆ తెల్లటి రాయి మీద పెద్ద అక్షరాలతో 'మా అవ్వ' అని రాశాను. వత్తు సరిగా వచ్చిందా అని అక్కనే అడిగాను. ఆమెకు చదువు రాదు. బాగుంది అని తల ఊపింది.

సోమవారం నేను గలిలయకు వెళ్లాను. ఆకలి తిరిగొచ్చింది. బగారా అన్నం, మేక కూర రెండుసార్లు పెట్టించుకున్నాను. దారిలో అవ్వ దిగే చోటే బండి ఆపించి, మోదుగు పూలు నేనే తెంపి ఎద్దుల కొమ్ములకు చుట్టాను. మామిడి కొమ్మకు కట్టిన ఊయల ఎవరికీ ఇవ్వలేదు. అక్క తోట చివర ఒక్కతే కూర్చుని ఉంది. విస్తరిలో అన్నం పెట్టింది పెట్టినట్టే ఉంది. నేను వెళ్లి మిగిలిన మోదుగు పువ్వు ఆమె కొప్పులో పెట్టాను. ఆమె నవ్వింది. ఆమె నవ్వింది కాబట్టి అంతా బాగానే ఉందనుకుని మళ్లీ ఊయల దగ్గరికి పరుగెత్తాను.

అప్పటి నుంచి ప్రతి ఈస్టరుకూ అదే వరస. నా మల్లెలు బుట్టెడయ్యాయి. అక్క మాత్రం ఒక్క గులాబి తెచ్చి నా చేతికిచ్చేది. వాళ్ల పెరట్లో చెట్టు విరగబూసేది, మిగిలినవన్నీ చర్చికి ఇచ్చేసేది. ఇంత పిసినారివేందక్కా అని ఎగతాళి చేస్తే, మీ అవ్వకు ఒక్కటి చాలు తియ్ అనేది. ఏనాడూ ఆ నాలుగడుగులు దాటి ముందుకు రాలేదు. చర్చిలో పెద్దవాళ్లందరికీ సంగతి తెలిసే ఉంటుంది. ఒక్కరు కూడా నోరు జారలేదు. పదో తరగతిలో ఉన్న ఏడు, ఆ గులాబి వాడిపోయిందని, నా మల్లెల మధ్య బాగుండదని, దారిలో కంచె మీద పడేశాను. వెనకే వస్తున్న అక్క వంగి దాన్ని తీసుకుంది. ఆ సంగతి యాదికొస్తే ఇప్పటికీ నాకు అన్నం సయించదు.

పెళ్లయి కరీంనగర్ వచ్చాను. బాపమ్మ పోయింది, కొన్నేళ్లకు బాపు పోయాడు. నాకు యాభై దాటాక, అవ్వకు సరైన సమాధి కట్టించాలనే ఆశ పుట్టింది. నల్లరాతి బండ, దాని మీద చెక్కిన పేరు, చుట్టూ ఇనుప గ్రిల్లు. మేస్త్రీని వెంటబెట్టుకుని ఊరికి వెళ్లి, కొలతలు తీయించి, సంబరంగా అక్క దగ్గరికి పోయి చెప్పాను. అప్పటికి ఆమె భర్త పోయాడు. మళ్లీ పిల్లలు కలగలేదు, ఒక్కతే ఉంటోంది. వాకిట్లో కూర్చుని నేను చెప్పిందంతా విన్నది. బండ ఎంత మందముంటుందని అడిగింది. చేత్తో చూపించాను.

"అంత బరువు పెట్టకు చెల్లె," అంది. "లోపలున్నది చిన్న పానం."

నాకు ఒక పట్టాన తట్టలేదు. తట్టాక, ఆ చిన్న దిబ్బ, పేరు లేని రాయి, అప్పుడే ఆరిన సున్నం, నాలుగడుగుల దూరం, అన్నీ ఒక్కసారి మీద పడ్డాయి. నలభై ఏళ్లకు పైగా నేను ఒక తల్లికీ కొడుక్కీ మధ్య నిలబడి ఉన్నాను. పైగా ఆ తల్లిని పిసినారి అన్నాను. ఆమె కాళ్ల దగ్గర కూలబడి, అవ్వ పోయినప్పుడు కూడా ఏడవనంత ఏడ్చాను. చిన్నప్పుడు సరే, పెద్దదాన్నయ్యాకైనా ఎందుకు చెప్పలేదని అడిగాను.

"చెప్పి, నీకు మల్లొకసారి అవ్వ లేకుంట చేస్తనా," అంది. నా తల నిమురుతూ, చాలా మామూలుగా అంది.

మాలో బాప్తిస్మం నాడే పిల్లలకు పేరు పెడతారు. ఆమె కొడుక్కు ఈస్టర్ నాడు బాప్తిస్మం ఇప్పించాలనుకున్నారట, అది రాకముందే పోయాడు. రాయి మీద పేరు లేనిది అందుకే. ఏం పేరు అనుకున్నావక్కా అని అడిగాను. ఆమె గులాబి చెట్టు వైపు చూసింది. కట్టుకున్నవాడికి కూడా చెప్పలేదట, ఆ పేరు నోట్లోంచి వస్తే ఏడుపు ఆగదేమోనని. నా చెవి దగ్గరికి వంగి మెల్లగా చెప్పింది.

మేస్త్రీని పంపించేశాను. ఆ ఏడు ఈస్టర్ తెల్లవారుజామున నేనే నాలుగడుగులు వెనక్కి వెళ్లి నిలబడ్డాను. అక్క ఒడి నిండా గులాబీలు తెచ్చింది. చెట్టున ఒక్కటి కూడా మిగల్చలేదు. దిబ్బ పక్కన కూర్చుని, గులకరాళ్లను ఒక్కొక్కటే తీసి, కొంగుతో తుడిచి, మళ్లీ పేర్చింది. రాయికి నేను కొత్తగా సున్నం కొట్టాను. ఆరాక, ఆమె చూస్తుండగా, బొగ్గుతో ఆ పిల్లవాడి పేరు రాశాను. అట్లా ఆమెకు మూడు ఈస్టర్లే దక్కాయి. నలభై ఏళ్లకు బదులు మూడు.

ఇప్పుడు అక్క ఆ చిన్న దిబ్బ పక్కనే ఉంది. నేనూ ముసలిదాన్నయ్యాను. అవ్వ నాటిన మల్లె నుంచి తెచ్చిన అంటు మా కరీంనగర్ ఇంట్లో గోడెక్కి పూస్తోంది. ప్రతి ఈస్టరుకూ సంచి నిండా తీసుకుపోయి, మా అవ్వ ఎక్కడుందో తెలియని ఆ కింది నేలంతా చల్లుతాను. ఏదో ఒక పువ్వు ఆమెకు తగలకపోదు. తర్వాత మీది వరసకు వెళ్లి, వానకు చెరిగిపోయిన పేరు బొగ్గుతో మళ్లీ రాసి, ఒక్క గులాబి పెట్టి, ఆ పేరుతో పిల్లవాణ్ణి ఒకసారి పిలుస్తాను. అక్క ఆనాడు నాకు అవ్వను ఇచ్చింది. తిరిగి ఇవ్వడానికి నా దగ్గర ఉన్నది ఈ పిలుపే. మర్నాడు ట్రాక్టరెక్కి అందరితో పాటు గలిలయకు పోతాను, దారి పొడుగునా ఆ పేరు నా నోట్లో ఆడుతూనే ఉంటుంది. నా తర్వాత వాణ్ణి ఎవరు పిలుస్తారో తెలియదు.