రెండు వైర్లు, ఒక పర్మనెంటు ఆర్డరు

ఆ రోజుల్లో నాకు ఒక గట్టి నమ్మకం ఉండేది. మనం చేసిన పని నలుగురూ చూడాలి, చూడకపోతే చేసినట్టే కాదు. ఇప్పుడా నమ్మకం లేదు. అది ఎలా పోయిందో చెబుతాను, నవ్వుకోండి, నాకేం అభ్యంతరం లేదు.

హసన్‌పర్తి దగ్గర ఒక ఇంజినీరింగ్ కాలేజీలో సర్వర్లు చూసుకునే ఉద్యోగంలో కొత్తగా చేరాను. ఏడాది పాటు తాత్కాలికం, ఆ తర్వాత ప్రిన్సిపాల్ గారు సంతకం పెడితే పర్మనెంటు. (మా బాపు అప్పటికే చుట్టాలందరికీ పర్మనెంటనే చెప్పేశాడు కాబట్టి ఆ సంతకం నాకంటే ఆయనకే ఎక్కువ అవసరం.) కాలేజీ పరీక్షలన్నీ ఒకే సర్వరు మీద నడిచేవి, ఆ సర్వరేమో ఒకే వైరు మీద. వైరు ఊడితే ల్యాబులో అరవై మంది పిల్లల స్క్రీన్లు ఒక్కసారే ఆగిపోయేవి. అందుకని నేను సర్వరుకు రెండో నెట్‌వర్క్ కార్డు బిగించి, రెండో వైరు లాగి, రెండింటినీ జత చేశాను. మొదటిది పోతే రెండోది దానంతటదే అందుకుంటుంది. వారం రోజులు పట్టింది. ప్రిన్సిపాల్ గారిని పిలిచి, ఆయన కళ్ల ముందే ఎర్ర టేపు చుట్టిన మొదటి వైరు పీకాను. ఆయన స్క్రీన్ వంక చూశారు, నా వంక చూశారు.

"ఏమైంది?"

"ఏం కాలేదు సార్."

"మరి వారం దినాలు ఏం జేసినవయ్యా?"

"ఏం కాకుంట జేసిన సార్."

ఆయన వాచీ చూసుకుని వెళ్లిపోయారు. నాకది చాలా చిన్నతనంగా అనిపించింది. ఇక కనబడిన వాళ్లందరికీ చూపించడం మొదలుపెట్టాను. లెక్చరర్లు, లైబ్రరీ మేడం, చివరికి మార్కెట్ యార్డు పని మీద కేసముద్రం నుంచి వచ్చిన మా బావ, ఎవరొచ్చినా వైరు పీకేవాణ్ణి, మళ్లీ పెట్టేవాణ్ణి. ఎవరికీ ఏమీ కనిపించేది కాదు. ("మంచిగుంది" అని మా బావ మాత్రం అన్నాడు. ఆయన చూస్తున్నది ఏసీని.)

మా కాలేజీ ఎలక్ట్రీషియన్ పెద్దాయన, అందరం చాచా అనేవాళ్లం. నీళ్ల ట్యాంకుకు రెండు మోటార్లుండేవి. ప్రతి శుక్రవారం నమాజుకు పోయేముందు ఒకటి ఆపి రెండోది నడిపించేవాడు.

"రెండు మంచిగనే ఉన్నయి గద చాచా, మార్చుడెందుకు?" అని అడిగానొకసారి.

"నడిపిస్తెనే గద బేటా ఎరుకయ్యేది? ఊకె కూసున్న మోటర్ సంగతి ఎవలకెరుక? నువ్వు గూడ జర ఆ ఒక్క వైరునే ఊకె గుంజకు."

నీళ్ల మోటారుకూ సర్వరుకూ పోలికేమిటని నవ్వుకున్నాను. (ఎదురుగా కాదు, రోజూ చాయ్ తెప్పించేది ఆయనే.)

ఏడాది పూర్తవుతుండగా తనిఖీకి హైదరాబాదు నుంచి ఒక మేడం వచ్చారు. నా ఆర్డరు టైపై ప్రిన్సిపాల్ గారి టేబుల్ మీదే ఉంది, తనిఖీ సవ్యంగా అయితే సాయంత్రం సంతకం. ల్యాబులో పిల్లలు ప్రాక్టీసు పరీక్ష రాస్తున్నారు. మేడం, ప్రిన్సిపాల్ గారు చూస్తుండగా నేను ఎర్ర టేపు వైరు పీకాను. యథాప్రకారం ఏమీ కాలేదు. మళ్లీ పెట్టి, పొగడ్త కోసం నిలబడ్డాను.

"బాగుంది. ఇప్పుడు రెండోది తీయండి," అన్నారు మేడం.

రెండోది తీయమని అంతవరకు ఎవరూ అడగలేదు. తీశాను. పక్క ల్యాబు నుంచి "సార్, ఆగిపోయిందీ" అని అరవై గొంతులు వినబడ్డాయి. పీకిన వైరు పట్టుకుని దాన్నే చూస్తూ నిలబడ్డాను. గుమ్మం దగ్గర నుంచి చాచా మెల్లగా అన్నాడు:

"తీసింది మళ్ల పెట్టు బేటా."

పెట్టాను. అంతా నడిచింది. చాచా సర్వరు వెనక్కి వంగి, టార్చి వేసి, ఎర్ర టేపు వైరును వేలితో కదిపాడు. అది ఉత్తినే చేతిలోకి వచ్చింది. నేను పీకీ పీకీ దాని చివర వైరును పట్టి ఉంచే ప్లాస్టిక్ నాలుక ఎప్పుడో విరిగింది. ఎన్నాళ్ల నుంచో అది అక్కడ పేరుకు మాత్రమే ఉంది, బరువంతా రెండోదే మోస్తోంది. నా ఏర్పాటు అంత చక్కగా పనిచేసింది కాబట్టే అది పాడైన సంగతి నాకు తెలియలేదు.

"అంటే మేడం, ఆ రెండోది లేకుంటే ఎప్పుడో ఆగిపోతుండె గదా?" అన్నారు ప్రిన్సిపాల్ గారు.

"అంతే."

"ఇగో, ఇప్పుడు సమజైంది నాకు," అని నా వైపు తిరిగారు. సాయంత్రం సంతకం పెట్టారు. కింద తన చేత్తో ఒక ముక్క కూడా రాశారు: "వైర్లు ఎవరికీ చూపించరాదు." మా బాపు ఆ కాగితాన్ని ఫ్రేము కట్టించినప్పుడు ఆ ముక్క కనబడకుండా మడత పెట్టించాడు.

ఇప్పుడు వేరే చోట, ఇంతకంటే పెద్ద సర్వర్ల మధ్య ఉన్నాను. వైరు ఊడితే ఫోనుకు మెసేజ్ వస్తుంది. అయినా ప్రతి శుక్రవారం మధ్యాహ్నం ఒక కార్డు ఆపి రెండోదాని మీద నడిపిస్తాను, ఎవరినీ పిలవను. ఎప్పుడో రిటైరైన చాచాకు అప్పుడప్పుడు ఫోన్ చేస్తుంటాను. నేనా కాలేజీ వదిలేశానని ఎన్నిసార్లు చెప్పినా ఆయనకు గుర్తుండదు.

"మోటర్లు మారుస్తానవా బేటా?" అని అడుగుతాడు.

"మారుస్తాన చాచా," అంటాను. ఏమీ కాకుండా ఇంకో వారం గడిచిందని చెప్పుకోవడానికి నాకు మిగిలింది ఆయనొక్కడే.