గాలి ఇంజను బావగారు

మా బావగారు పోయారు. బడిలో మూడో తరగతి పిల్లలకు లెక్క చెబుతూ ఉండగా మా మేనల్లుడు వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. కొత్తపేటలో తెల్లవారుతూనే బయల్దేరి, దొరికినంత దూరం బస్సులోనూ, మిగతాది ఎవరిదో సైకిలు అడుక్కునీ వచ్చాడట. చొక్కా ఒంటికి అంటుకుపోయి ఉంది. "మావయ్యా, నాన్న..." అన్నాడు. పిల్లల్ని ఇళ్ళకు పంపేశాను.

ముందురోజు సాయంత్రం దాకా వీధరుగు మీద కూర్చుని పక్కింటివాళ్ళ కుట్టుమిషను విప్పి సరిచేశారట. అన్నం తిని పడుకున్నారు. పొద్దున్న మా అక్కయ్య కాఫీ తీసుకువెళ్ళి పిలిస్తే పలకలేదు. ఎవరికీ శ్రమ ఇవ్వడం ఇష్టంలేని మనిషి, పోవడంలోనూ అలాగే పోయారు.

ఇది చదివేవాళ్ళలో ఆయన్ని ఎరిగినవాళ్ళు తక్కువే ఉంటారు. ఆయన పేరు ఎక్కడా అచ్చుకాలేదు. యుద్ధం రోజుల్లో విశాఖపట్నంలో మోటారు పని నేర్చుకుని, తిరిగివచ్చి మన కోనసీమలో బియ్యం మిల్లుల ఇంజన్లు చూసేవారు. కాట్రేనికోన దాటి సముద్రం వైపు ఉన్న మా పల్లెలో మాత్రం ఆయనకు ఇంకో పేరుంది. నాకు బావగారు గనక ఊరందరికీ గాలి ఇంజను బావగారే. ఆ పేరు ఎందుకొచ్చిందో చెప్పడానికే ఇది రాస్తున్నాను.

ముందు ఆయన అలవాట్లు ఒకటి రెండు చెప్పాలి. పని నుంచి రాగానే పెరట్లో కూర్చుని కొబ్బరిపీచు, బూడిద పెట్టి చేతులు తోముకునేవారు. ఎంత తోమినా గోళ్ళ పక్కన నలుపు పోయేది కాదు. అందుకని పెళ్ళిళ్ళలో పంక్తి చివర కూర్చునేవారు. మా అక్కయ్య వడ్డన అటు నుంచే మొదలుపెట్టేది. ఇంజను ఆగిందని ఎవరైనా వస్తే, చేతిలోకి పానా తీసుకునే ముందు వాళ్ళని కూర్చోబెట్టి అడిగేవారు. "మీకు తోచింది తరవాత చెబుదురుగాని, ముందు చూసింది చెప్పండి బాబూ." ఇంట్లోనూ అదే వరస. అక్కయ్య పక్కింటావిడ మీద ఏదో చెప్పబోతే, "ఇది చూసిందా, తోచిందా?" అనేవారు. అక్కయ్యకు ఒళ్ళు మండేది.

నేను ఆ పల్లెకు మేష్టరుగా వెళ్ళినప్పుడు అక్కడ తాగేనీళ్ళ బాధ చెప్పనలవి కాదు. ఎండాకాలం కాలువ కట్టేశారంటే ఇసకలో చెలమలు తవ్వుకుని, ఊరిన ఉప్పునీళ్ళే గుడ్డలో వడకట్టుకుని తాగాలి. ఒక ఏడు వాంతులూ విరేచనాలూ పట్టుకుని కొన్ని ఇళ్ళల్లో మనుషులు పోయారు. అందరం ఆఫీసుల చుట్టూ తిరగగా తిరగగా బోరు మంజూరైంది. కంట్రాక్టరు మనుషులు చేత్తో తిప్పే బోరింగు సెట్టుతో భూమిలోకి చాలా లోతుకు గొట్టం దించారు. మంచినీళ్ళు తగిలాయన్నారు. కాని గొట్టం నిండా ఇసక. ఆ ఇసకను బయటికి ఊదెయ్యడానికి కావాలి గాలి ఇంజను.

అది ఇనపచక్రాల మీద నడిచే కంప్రెసరు. డీజిలు ఇంజను తిరుగుతుంటే గాలిని నొక్కిపట్టి, సన్నని గొట్టంలోంచి బోరు అడుక్కి పంపుతుంది. ఆ గాలి తోపుకు నీళ్ళూ ఇసకా కలిసి పైకి ఎగజిమ్ముతాయి. నీళ్ళు తేటబడేదాకా అది ఆగకూడదు. మధ్యలో ఆగితే లేచిన ఇసకంతా మళ్ళీ కిందికి దిగి బోరును పూడ్చేస్తుంది. ఆ ఇంజనును చూసుకునే పనిలో అప్పుడు మా బావగారే ఉన్నారు. రేవు దాటించి, తాటిపలకలు పరిచి, ఇసకలో ఎడ్లచేత లాగించి మా ఊరు తెచ్చారు. మా ఇంట్లోనే బస.

మొదలుపెట్టిన పొద్దున్న ఊరంతా అక్కడే ఉంది. ఇంజను బాగానే అందుకుంది. బురదనీళ్ళు ఎగజిమ్మితే పిల్లలు కేకలు పెట్టారు. ఒక వంటయ్యేంత సేపు తిరిగిందో లేదో, గొంతు పట్టుకున్నట్టు గుడగుడలాడి ఆగిపోయింది. బావగారు టాంకు మూత తీసి పుల్లతో డీజిలు కొలిచారు. సగానికి పైనే ఉంది. మళ్ళీ తిప్పితే మళ్ళీ అందుకుంది. ఇంకో వంటసేపటికి మళ్ళీ ఆగింది. రేడియేటరులో నీళ్ళు చూశారు, ఆయిలు చూశారు, ఫిల్టరు విప్పి కడిగారు. సాయంత్రం దాకా అదే తంతు.

కంట్రాక్టరు గుమాస్తాగారు డ్రమ్ముల వైపు చూశారు. డీజిలు డ్రమ్ములకు కాపలా పెట్టింది మా ఊరి సత్తెయ్యను. కొబ్బరిచెట్లెక్కి దింపు తీసేవాడు, నెమ్మదైన మనిషి.

"ఇంజనుకేం రోగం లేదండీ. డ్రమ్ముల దగ్గర పడుకునేది వీడే. డీజిలు అమ్మేసి నీళ్ళు పోసుంటాడు" అన్నారు గుమాస్తాగారు, అందరూ వినేలా.

"నేను ముట్టుకోలేదండి బాబూ. పిల్లల మీదొట్టండి" అన్నాడు సత్తెయ్య.

అతని పెళ్ళాం గుంపులోంచి ముందుకొచ్చింది. "ఆ నీళ్ళు మేం తాగమాండి? మా బోరు మేవే పాడుచేసుకుంటావాండి?"

సబబైన మాటే. కాని ఆశపడి కూర్చున్న జనం అప్పటికే చిరాకులో ఉన్నారు. ఎవరో సత్తెయ్యను మెడలోని తువ్వాలు పట్టుకుని లాగారు. బావగారు మధ్యలోకి వెళ్ళి ఆ చెయ్యి విడిపించారు. "ఇంజను ఇంకా ఏం చెప్పలేదండీ. అది చెప్పేదాకా మనిషిని అనకండి" అన్నారు. గుమాస్తాగారు మాత్రం డ్రమ్ముల దగ్గరికి ఇంక రావద్దని సత్తెయ్యను పంపేశారు. మర్నాడు పొద్దున్నే చెలమల దగ్గర అతని పెళ్ళాంతో ఒక్కరూ మాట్లాడలేదని మా ఆవిడ వచ్చి చెప్పింది.

బావగారు డ్రమ్ములోంచి ఒక సీసాడు, టాంకులోంచి ఒక సీసాడు డీజిలు పట్టి మా కిటికీలో పెట్టి ఉంచారు. నీళ్ళు కలిస్తే నిలవున్నాక అడుక్కి దిగుతాయట. పొద్దున్న చూస్తే రెండు సీసాలూ అడుగుదాకా ఒకటే రంగు. గుమాస్తాగారు ఊరుకోలేదు. "అయితే కిరసనాయిలు కలిపుంటాడండీ" అన్నారు. బావగారు వాదించలేదు. సీసాలు వాసన చూసి, కిరసనాయిలు కంపేమీ లేకపోతే కింద పెట్టి, "రండి మేష్టారూ, నాకో చెయ్యి కావాలి" అని నన్ను తీసుకువెళ్ళారు. నన్ను పేరుపెట్టి ఎప్పుడూ పిలవలేదాయన.

ఇంజను తిప్పారు. తిరిగింది, ఆగింది. ఈసారి మూత జోలికి పోకుండా ముందు ఫిల్టరు మీది చిన్న స్క్రూ వదులు చేసి, కింద గిన్నె పట్టుకోమన్నారు. టాంకు పైన ఉంది గనక డీజిలు దానంతటదే కారాలి. ఒక్క చుక్క రాలేదు. "టాంకులో డీజిలుంది, ఇక్కడికి రావట్లేదు. దారిలో ఎక్కడో పట్టేసింది" అని గొణుక్కుంటూ, అలవాటు కొద్దీ కొలుద్దామని టాంకు మూత తిప్పారు. మూత గట్టిగా పట్టి ఊడివచ్చింది. నా గిన్నెలో టపటపా చుక్కలు పడ్డాయి, ఆ వెంటనే ధార.

"బావగారూ, వస్తోందండీ!" అని అరిచాను.

ఆయన మూత పెట్టేశారు. కాసేపటికి ధార సన్నబడి ఆగింది. తీశారు, మళ్ళీ కారింది. అప్పుడు మూతను ఎండలోకి ఎత్తి చూశారు. నడిమధ్యన సూదిబెజ్జం అంత కన్నం ఉంటుందట. లోపల డీజిలు తగ్గుతున్న కొద్దీ ఆ కన్నంలోంచి గాలి లోపలికి వెళ్ళాలి. అది మూసుకుపోతే టాంకు డీజిలును లోపలికే పట్టి ఉంచుతుంది, ఇంజను ఆగిపోతుంది. ఆగినప్పుడల్లా కొలవడానికి మూత తీస్తున్నాం గనకే మళ్ళీ మళ్ళీ తిరిగింది.

కన్నం నిండా మైనం ఉంది. బావగారు అక్కడే ఇసకలో కూర్చుండిపోయారు.

"ఇది నేను పెట్టిందేనండీ" అన్నారు. రేవు దాటేటప్పుడు కెరటం ఎగిరి ఉప్పునీళ్ళు టాంకులో పడతాయని తానే మూత చుట్టూ మైనం పులిమారు. ఒడ్డెక్కాక తుడిచారు. కన్నంలోది చూసుకోలేదు.

గుమాస్తాగారు చుట్టూ చూసి గొంతు తగ్గించారు. "పోన్లెండి, దొరికింది కదా. గొట్టంలో నలక పడిందని చెబుదాం. మీ పేరు పోవడం ఎందుకు?"

"సత్తెయ్య పేరు పోయింది కదండీ" అన్నారు బావగారు.

మా ఆవిడ దగ్గర సూది అడిగి కన్నం శుభ్రం చేసి, ఇంజను తిప్పకుండానే సరుగుడు తోట వెంబడి సత్తెయ్య ఇంటికి నడిచారు. వెనకాల నేనున్నాను. సత్తెయ్య చూరుకింద మోకాళ్ళు పట్టుకుని కూర్చున్నాడు. మమ్మల్ని చూసి లేవబోయాడు.

"కూర్చో నాయనా. తప్పు నాది. మూతలో మైనం నేనే పెట్టేను, నేనే మరిచిపోయేను. నీ మీదకి వచ్చింది. చెప్పడానికొచ్చేను" అన్నారు.

సత్తెయ్య కూర్చోలేదు. "మీరొచ్చి చెప్పాలాండి బాబూ?" అన్నాడు.

లోపలినుంచి అతని పెళ్ళాం వచ్చింది. "చెప్పాలండి. అన్నప్పుడు ఊరంతా విన్నారండి. ఇది కూడా ఊరంతా వినాలండి."

"ఆయ్, అక్కడికే రమ్మనడానికొచ్చేనమ్మా" అన్నారు బావగారు.

బోరు దగ్గర జనం పోగయ్యాక, నన్ను చెప్పనివ్వకుండా ఆయనే చెప్పారు. మూత చేత్తో పట్టుకుని, కన్నం ఎక్కడుందో, మైనం ఎవరు పెట్టారో, అందరికీ అర్థమయ్యేలా చెప్పారు. తువ్వాలు పట్టుకుని లాగిన మనిషి తలవంచుకుని సత్తెయ్య పక్కకు వచ్చి నిలబడ్డాడు. "హేండిలు నువ్వే తిప్పాలి సత్తెయ్యా" అన్నారు బావగారు.

ఇంజను అందుకుంది. బోరు మాత్రం ఉత్తగాలి దగ్గింది. అన్నిసార్లు ఆగడంతో అడుగున ఇసక గట్టిపడిపోయింది. బావగారు గాలిగొట్టాన్ని కాస్త పైకి ఎత్తించి ఊదించారు, కొంచెం దించి మళ్ళీ ఊదించారు. అలా మధ్యాహ్నం దాకా అంగుళం అంగుళం దించగా ఒక్కసారిగా నల్లటి బురద తాటిచెట్టంత ఎత్తు లేచింది. ఇంజను ఈసారి ఆగలేదు.

ఆ సంగతి కంట్రాక్టరుకు చేరింది. వర్షాలు పడేలోగా ఆ ఇంజనుకు వేరే మనిషి వచ్చాడు. బావగారు మళ్ళీ మిల్లు ఇంజన్లు చూసుకున్నారు, అవి లేనప్పుడు కుట్టుమిషన్లు. దాని గురించి మా దగ్గర ఎప్పుడూ ఎత్తలేదు. ఒకసారి నేనే నొచ్చుకుంటే, "ఆ కన్నం చూడకపోవడం మాత్రం నిజమే కదండీ మేష్టారూ" అన్నారు.

మొన్న నేనూ మేనల్లుడూ కొత్తపేట బయల్దేరుతుంటే సత్తెయ్య దంపతులు కట్టుబట్టలతో మా వెంట వచ్చేశారు. అక్కయ్య వాళ్ళని ఎప్పుడూ చూడలేదు. నేను పేరు చెప్పగానే, బావగారి నోట విన్నదే కాబోలు, అక్కయ్య సత్తెయ్య పెళ్ళాం చెయ్యి పట్టుకుని పక్కన కూర్చోబెట్టుకుంది.

అప్పటినుంచీ నా కళ్ళముందు మెదిలేది ఆ బోరులో నీళ్ళు పడ్డ సాయంత్రమే. నీళ్ళు తేటబడ్డాయి. ఇంజను ఆపి, చేతిపంపు బిగించారు. ఆడవాళ్ళు బిందెలతో బారులు తీరారు. మొదటి బిందె కింద పెట్టి ఎవరో పంపు కొడుతున్నారు. రోజల్లా ఆ రొదలో నిలబడ్డ బావగారికి చెవులు పూర్తిగా దిబ్బడవేసి ఉన్నాయి.

"పడుతున్నాయా మేష్టారూ? నాకేం వినపట్టంలేదు" అన్నారు గట్టిగా.

"ఆయ్, పడుతున్నాయండీ" అని నేనూ గట్టిగా అరిచాను. అదీ వినిపించినట్టు లేదు. ఆయన ఇసకలో గొంతుక్కూర్చుని, నల్లటి అరచెయ్యి ఆ ఇత్తడిబిందె పొట్టకు ఆనించారు. చల్లదనం కింద నుంచి పైకి పాకుతుంటే దానితోపాటే చెయ్యి మెల్లగా పైకి జరుపుతూ, బిందె అంచుదాకా అలాగే కూర్చున్నారు.