సైటుకు బాపు పేరు

మొయినాబాద్ దగ్గరి కనకమామిడిలో పూల తోట ఉన్న జ్ఞానేశ్వర్ రోజూ పొద్దుగూకే వేళ చేవెళ్ల నెట్ సెంటర్లో కుర్చీ అంచున కూర్చొని, గులాబీ ముళ్లు గీరిన వేలితో ‘మొయినాబాద్ పూలు’ అని కొడతాడు. మొదటి పేజీ నిండా ఇతరుల తోటలే వస్తాయి. తన తోట కోసం పేజీలు తిప్పుతాడు. ట్రాక్టరు మీద, బోరు గది మీద రాయించినట్లే తోట వెబ్‌సైటుకూ తండ్రి పేరే, బాపు సంగయ్య పేరే పెట్టాడు మరి. ఈ పెళ్లిళ్ల కాలంలో సిటీ ఆర్డర్లు రాకపోతే తోటను ఫామ్‌హౌస్ వాళ్లకు అమ్మక తప్పదు.

సైటు తయారుచేసిన జితేందర్ ఒకరోజు అక్కడే తేల్చేశాడు: “సంగయ్య అని ఎవరు వెతుకుతరన్నా? సైటు పేర్ల మొయినాబాద్, పూలు ఉంటెనే గూగుల్ పైకి తెస్తది. ఆ పేరు ఇయ్యాల ఖాళీగున్నది. రేపు ఎవడన్న ఎత్తుకపోతడు.”

జ్ఞానేశ్వర్ ఓరగా పక్కకు చూశాడు. తెర మీద తన పేరు చూద్దామని సంగయ్య ఆ రోజే కొత్త రుమాలు చుట్టుకొని వచ్చి, పక్క స్టూలు మీద కూర్చున్నాడు.

“బాపు, జర బయట కూసో.”

“ఎందుకురా? గా పూల పేరే పెట్టు. భూమి పోయినంక నా పేరు దేనిమీద రాస్తవ్?”

కొడుకు కొత్త పేరు కొట్టాడు, అయినా వేలు ఎంటర్ మీట మీదే ఆగిపోయింది. సంగయ్య తన మొరటు చేతిని ఆ వేలి మీద పెట్టి గట్టిగా నొక్కాడు.